మిరప కల్లంలో జాంబీలు

"తేజ సినిమా అంటే మిరపకాయల మీద తీశారేమో అనుకున్నానే!" అన్నారు మా అత్తగారు, విషయం చెప్పగానే. ఆవిడ తప్పేం లేదు లెండి. మా చిలకలూరిపేట చుట్టుపక్కల తేజ అంటే సన్నగా, పొడుగ్గా, నాలిక మీద పెడితే కళ్ళల్లోంచి నీళ్ళు తెప్పించే మిరప రకం. ఆ పేరుతో ఒక కుర్ర హీరో ఉన్నాడనీ, 'ఇంద్ర'లో చిన్నప్పటి చిరంజీవిగా వేసిన బుడతడు అతనేననీ చెప్పాక, "ఆ పిల్లాడా! అయితే పదండి" అంటూ చీర మార్చుకోవడానికి లేచారు.

అది 2021 ఫిబ్రవరి. హాళ్ళలో అన్ని సీట్లూ నింపుకోవచ్చని కేంద్రం ఒకటో తారీఖు నుంచి ఒప్పుకుంది. అయిదో తారీఖున 'జాంబీ రెడ్డి' విడుదలైంది. దర్శకుడు ప్రశాంత్ వర్మ. తేజ సజ్జాకి హీరోగా అదే మొదటి సినిమా. పెద్ద స్టార్లు లేరు, ఫారిన్‌లో పాటలు లేవు. మనవాళ్ళు 'చిన్న సినిమా' అంటారే, అదన్నమాట. పేరులో 'రెడ్డి' ఎందుకని అంతకుముందు ఏడాదే కొందరు అభ్యంతరం చెబితే, ఎవర్నీ కించపరచడం లేదని దర్శకుడు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

మేం ఆరుగురం ఆడవాళ్ళం వెళ్ళాం. నేను, మా అత్తగారు, మా తోటికోడలు, ఆవిడ డిగ్రీ చదివే కూతురు, పక్కింటి టీచరుగారు, వాళ్ళ చెల్లెలు. మగవాళ్ళెవరూ రాలేదు. "చచ్చినోళ్ళు లేచి కరిచే సినిమాకి డబ్బులు పెట్టి వెళ్ళాలా?" అన్నారు మా ఆయన. ఏడాదిపాటు నాలుగు గోడల మధ్య మూడు పూటలా వండి వార్చిన మాకైతే, తెర మీద ఏది ఆడినా చూసేంత ఆకలిగా ఉంది.

కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. హైదరాబాదులో కంప్యూటర్ గేములు తయారుచేసే కుర్రాళ్ళు స్నేహితుడి పెళ్ళని కర్నూలు బయల్దేరతారు. పెళ్ళివారిది ఫ్యాక్షన్ కుటుంబం. ఇంకోవైపు కరోనాకి మందు కనిపెట్టబోయిన ప్రయోగం ఒకటి వికటిస్తుంది. ఆ జబ్బు అంటుకున్నవాడు మనిషిని కరుస్తాడు, కరిపించుకున్నవాడు ఇంకొకర్ని కరుస్తాడు. కత్తులు నూరుకునే రెండు వర్గాల మధ్యకి ఈ కరిచే గుంపు వచ్చి పడుతుంది. మధ్యలో హీరోకీ, ఆనంది వేసిన సీమ పిల్ల పాత్రకీ ఒక ప్రేమ.

హాల్లో మొదట నవ్వు, తర్వాత కేకలు, మళ్ళీ నవ్వు. మా అత్తగారు మాత్రం చాలాసేపు అయోమయంలో ఉన్నారు. "ఇంతకీ ఇదెవరి దెయ్యమే?" అని నా చెవిలో అడిగారు. ఎవరిదీ కాదండీ, జబ్బు అన్నాను. "మరి దానికేం కావాలి?" ఏమీ అక్కర్లేదు, కరవడమే. ఆవిడ పెదవి విరిచారు. నిజమే కదా! మన దెయ్యాలకి ఊరూ పేరూ ఉంటాయి. అత్తింటివాళ్ళు బావిలో తోసిన కోడలో, బాలింతగా పోయిన పిల్లో అయి ఉంటుంది. దాని గోడు విని, అడిగింది పెడితే వెళ్ళిపోతుంది. ఈ జాంబీకి గోడు లేదు, మొక్కు లేదు. వేపమండకీ నిమ్మకాయకీ లొంగదు. "దీనితో మాట్లాడేదేం లేదు, పరిగెత్తడమే" అని తేల్చేశారు ఆవిడ. జాంబీల గురించి ఎన్ని పుస్తకాలు చదివినవాళ్ళయినా ఇంతకంటే బాగా చెప్పలేరేమో!

ఇంటర్వెల్లో మరో గోల. ఆ నెలంతా మా రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు, నాలుగు విడతలుగా. వెనకవరసలో ఒకావిడ "మా ఊళ్ళో సర్పంచి ఎలక్షన్లకి ఇంతకంటే ఎక్కువే కరుచుకుంటున్నారమ్మా" అంటే చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. డిగ్రీ పిల్లకి ప్రేమకథ చాల్లేదట. 2004లో ఇంగ్లండు వాళ్ళు 'షాన్ ఆఫ్ ది డెడ్' అని తీశారనీ, దాన్ని జాంబీలతో కూడిన ప్రేమకథ అనే ప్రచారం చేశారనీ, అందులో హీరో అలిగిన ప్రియురాలి మనసు మళ్ళీ గెలుచుకోవడానికే జాంబీల మధ్య నుంచి వెళతాడనీ చెప్పింది. "ఇక్కడ ప్రేమ కూరలో కరివేపాకులా ఉంది పిన్నీ" అంది. టీచరుగారు ఒప్పుకోలేదు. "ఇరవై మంది వెంటపడుతుంటే ఇంకెంత ప్రేమించమంటావే?" అన్నారు. నన్నడిగితే పిల్ల చెప్పిందే సబబు. ఆనంది వరంగల్ అమ్మాయి, తమిళంలో 'కయల్', 'పరియేరుం పెరుమాళ్' చేసి పేరు తెచ్చుకుంది. ఆమెకి ఇంకాస్త కథ ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి పప్పుచారు వేడిచేసుకుని తిన్నాం. సినిమా సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను.

మార్చి చివర్లో ఆ సినిమా 'ఆహా'లోకి వచ్చింది. ఏప్రిల్ మొదటివారంలో నేను పర్చూరు వైపు మా బావగారి ఊరు వెళ్ళాను. మూడో కోత జరుగుతోంది. (అప్పటికి పర్చూరు ప్రకాశం జిల్లా, మా పేట గుంటూరు జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక అది బాపట్లలోకీ, మేం పల్నాడులోకీ వెళ్ళాం.) మా నల్లరేగడి నేలల్లో పత్తితీతకీ, మిరప కోతకీ ఊళ్ళో చేతులు చాలవు. ఏటా కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలకి కుటుంబాలే పిల్లాపాపలతో వస్తాయి. చేల పక్కనే గుడారాలు వేసుకుని, కోత అయ్యేదాకా ఉంటారు.

ఆ సాయంత్రం కల్లంలో కాయల మీద పట్టాలు కప్పేసి, నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒక ఫోను చుట్టూ చేరారు. చూస్తే జాంబీ రెడ్డే! నేనూ పక్కన చతికిలబడ్డాను.

కర్నూలు మీద తీసిన సినిమాని కర్నూలు వాళ్ళ పక్కన కూర్చుని చూడటం వేరే అనుభవం సుమండీ. పేటలో మేం ఈలలు వేసిన సుమోల సీను దగ్గర వీళ్ళు కిక్కురుమనలేదు. ఒకామె, వయసులో నాకంటే చిన్నదే, ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి అంది: "మా కర్నూలంటే ఎప్పుడూ కత్తులేనా అక్కా? కత్తులు కొనే దుడ్లుంటే ఇంత దూరం కాయలు కోయనీకి ఎందుకొస్తాం?" నాకు జవాబు దొరకలేదు. 'సమరసింహారెడ్డి' వచ్చిన 1999 నుంచీ మేం చూసిన సీమ అంతా తెర మీదిదే. అసలు సీమ ఏటా మా చేలల్లోకి వచ్చి మిరపకాయలు కోస్తూనే ఉంది.

జాంబీలు గుంపుగా వస్తుంటే లోపలివాళ్ళు తలుపులు మూసే ఘట్టం వచ్చింది. హాల్లో మేం ఈ చోటే ఎక్కువ నవ్వాం. ఇక్కడా నవ్వారు కానీ, ఆ నవ్వు మధ్యలో అదే అమ్మాయి మామూలుగా, పక్కింటి కబురు చెప్పినట్టు, "పోయినేడు మేమూ ఇట్లనే ఉంటిమి గదా. మమ్మల్ని చూస్తే జనం లోపలికి ఉరుకుతుండ్రి" అంది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టేనాటికి వీళ్ళంతా ఇక్కడే ఉన్నారు. కోత మధ్యలో. బస్సుల్లేవు. గుంటూరు, కర్నూలు రెండు జిల్లాల్లోనూ కేసులు ఎక్కువే. ఇక్కడ ఊళ్ళోకి రానివ్వరు, అక్కడ సొంత ఊరి పొలిమేరలో ముళ్ళకంచె. ఆ ఏప్రిల్‌లోనే తెలంగాణ ములుగు వైపు మిరప చేలకి కూలికొచ్చిన ఛత్తీస్‌గఢ్ పిల్ల ఒకతి, పన్నెండేళ్ళది, ఇంటికి నడుస్తూ నడుస్తూ దారిలోనే కన్నుమూసింది. పేపర్లో చదివి ఏడ్చినదాన్నే నేను.

చదివి ఏడ్చానన్నాను కదా, చేసింది కూడా చెప్పాలి. ఆ రోజుల్లో నేనూ పిల్లలూ బావగారింట్లోనే చిక్కుకుపోయాం. ఒక మధ్యాహ్నం ముఠాలోంచి ఇద్దరు ఆడవాళ్ళు బిందె తీసుకుని మంచినీళ్ళకి వచ్చారు. నేను గేటు తీయలేదు. బిందె దూరంగా పెట్టమని, వాళ్ళని వెనక్కి వెళ్ళమని, గొట్టంతో నింపాను. ఒకామె తాగడానికి దోసిలి పట్టింది. గేటు మీదుగా, ఎత్తు నుంచి పోశాను. జబ్బు భయం అనుకున్నాను. కానీ ఆ ఎత్తు నాకు కొత్తగా అనిపించలేదు. మా చిన్నప్పుడు మా నాయనమ్మ కూడా కొందరికి అంతే ఎత్తు నుంచి పోసేది. అప్పట్లో ఏ వైరస్సూ లేదు. ఆ వచ్చిన ఇద్దరిలో ఈ అమ్మాయి ఉందో లేదో నాకు తెలీదు. ముఖాలకి గుడ్డలున్నాయి. అవి వాళ్ళకి కరోనా నేర్పిన గుడ్డలు కావు, మిరప ఘాటు నేర్పినవి.

తర్వాతెప్పుడో ఈ జాంబీ అనే మాట ఎక్కడిదా అని వెతికి చదివాను. హైతీ నుంచి వచ్చిందట. అక్కడ ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత ఫ్రెంచివాళ్ళు చెరకు తోటల్లో గొడ్డుచాకిరీ చేయించుకున్నారు. చచ్చినా వదలక, లేపి మళ్ళీ పొలంలోకి తోలితే ఎలా? ఆ భయమే అక్కడి జాంబీ. కరిచేది కాదు, నోరెత్తకుండా పనిచేసేది! 1932లో వచ్చిన 'వైట్ జాంబీ'లో కూడా చక్కెర మిల్లులో తిరుగుతూ పనిచేసేవి అవే. మనుషుల్ని తినే గుంపుని తెచ్చింది 1968లో అమెరికాలో జార్జ్ రొమేరో, 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'తో. అదీ చిన్న సినిమానే. అప్పటినుంచి జాంబీ అంటే తలుపు బయట ఉండేవాడయ్యాడు, మనం లోపల.

ఆ రాత్రి కల్లంలో సినిమా పూర్తి కాలేదు. ఇంకో అరగంట ఉందనగా ఫోను చార్జింగు అయిపోయింది. ఛార్జరు మోటారు షెడ్డులో ఉంది, దానికి పొద్దునగానీ కరెంటు రాదు. అందరూ ఉసూరుమన్నారు. ఆ అమ్మాయి మాత్రం నా వైపు తిరిగి, "నువ్వు చూసినావు గదక్కా. కాటు పడినోళ్ళు మళ్ళా మనుషులైతారా, లేదా?" అని అడిగింది.

"చెప్పేస్తే ఏం బాగుంటుంది, రేపు చూసుకో" అన్నాను.

పొద్దున్నే నేను పేట బస్సెక్కేశాను. మరో పదిహేను రోజులకి కరోనా రెండోసారి విరుచుకుపడింది. ఈసారి అందరికంటే ముందు జాగ్రత్తపడింది వాళ్ళే. కూలి లెక్క చూసుకుని, లారీ మాట్లాడుకుని ఊళ్ళకి వెళ్ళిపోయారని బావగారు ఫోన్లో చెప్పారు. ఆ మిగిలిన అరగంట ఆమె చూసిందో లేదో అడుగుదామనుకుని, పేరు కూడా తెలుసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.