ఆరు వారాల లెక్క తప్పిన యుద్ధం

1914 జూన్ 28న బోస్నియా రాజధాని సరయేవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, ఆయన భార్య సోఫీ హత్యకు గురయ్యారు. కాల్చినవాడు 19 ఏళ్ల బోస్నియా సెర్బు యువకుడు గవ్రిలో ప్రిన్సిప్. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ హత్యే కారణమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే తుపాకీ పేలాక సరిగ్గా నెల రోజులపాటు యుద్ధం మొదలుకాలేదు. ఆపడానికి ఆ నెల చాలు. ఎందుకు ఆగలేదో తెలియాలంటే హత్యకు ముందరి యూరప్‌ను చూడాలి.

1871లో ఫ్రాన్స్‌ను ఓడించి జర్మనీ ఒకే సామ్రాజ్యంగా అవతరించింది. ఓడిన ఫ్రాన్స్ నుంచి అల్సేస్‌ను, లొరేన్‌లో కొంత భాగాన్ని లాక్కుంది. ఫ్రాన్స్ ఆ నష్టాన్ని మరవలేదు. 1882లో జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఇటలీ ఒక కూటమి కట్టాయి. దానికి ఎదురుగా 1894 నాటికి ఫ్రాన్స్, రష్యా చేతులు కలిపాయి. ఆ తర్వాత బ్రిటన్ 1904లో ఫ్రాన్స్‌తో, 1907లో రష్యాతో పాత తగాదాలు పరిష్కరించుకుని వారి పక్కకు జరిగింది. జర్మనీ పోటీగా యుద్ధనౌకలు కడుతుండడమే బ్రిటన్ భయానికి మూలం. మరోపక్క 1908లో ఆస్ట్రియా బోస్నియాను తనలో కలిపేసుకుంది. 1912-13 బాల్కన్ యుద్ధాల్లో సెర్బియా భూభాగం దాదాపు రెట్టింపైంది. తన ఏలుబడిలోని స్లావ్ ప్రజలు సెర్బియా వైపు చూస్తారేమోనని ఆస్ట్రియా రాజధాని వియన్నా వణికింది.

అందుకే హత్యను వియన్నా అవకాశంగా తీసుకుంది. ఏం చేసినా వెంట ఉంటామని జులై 5న జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ మాట ఇచ్చాడు. జులై 23న సెర్బియాకు 48 గంటల గడువుతో హెచ్చరిక లేఖ వెళ్లింది. సెర్బియా దాదాపు అన్ని షరతులకూ తలొగ్గింది. తన గడ్డపై ఆస్ట్రియా అధికారులు దర్యాప్తులో పాల్గొనడానికి మాత్రం ఒప్పుకోలేదు. జులై 28న ఆ జవాబు చదివిన విల్‌హెల్మ్, ఇక యుద్ధానికి కారణమే లేదని రాసుకున్నాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. మరునాడు సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌పై ఫిరంగులు పేలాయి.

ఇక్కడి నుంచి నిర్ణయాలు మంత్రుల చేతుల్లోంచి సైన్యాధికారుల చేతుల్లోకి జారిపోయాయి. లక్షలాది సైనికులను సరిహద్దులకు చేర్చే రైళ్ల వేళలు ఏళ్ల ముందే ఖరారై ఉన్నాయి. ఒకరు కదిలితే మరొకరు కదలక తప్పని ఏర్పాటు అది. రష్యా చక్రవర్తి రెండో నికొలస్ పూర్తి సైన్య సమీకరణకు ఆదేశించి, విల్‌హెల్మ్ తంతి చూసి వెనక్కి తీసుకుని, జనరళ్ల ఒత్తిడితో జులై 30న మళ్లీ ఆదేశించాడు. ఆగస్టు 1న జర్మనీ రష్యాపై యుద్ధం ప్రకటించింది. ఫ్రాన్స్ తటస్థంగా ఉండవచ్చన్న ఆశ ఆ సాయంత్రం బెర్లిన్‌లో కలిగింది. సైన్యమంతటినీ తూర్పుకు తిప్పమని విల్‌హెల్మ్ కోరాడు. అది కుదరదని సైన్యాధిపతి మోల్ట్కే తేల్చి చెప్పాడు. ఒక చక్రవర్తి యుద్ధాన్ని సగానికి తగ్గించాలనుకున్నా, కాగితం మీది ప్రణాళిక ఒప్పుకోలేదు. 1914 విషాదమంతా ఆ సంభాషణలోనే ఉంది.

ఆ ప్రణాళిక ష్లీఫెన్ అనే జనరల్ ఆలోచన. రష్యా నెమ్మదిగా సన్నద్ధమవుతుంది కాబట్టి, ఆలోగా సుమారు ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను ఓడించి తూర్పుకు తిరగాలి. ఫ్రాన్స్ సరిహద్దు కోటలను తప్పించుకోవాలంటే బెల్జియం మీదుగా వెళ్లాలి. బెల్జియం తటస్థతకు 1839 ఒప్పందంలో బ్రిటన్ పూచీ ఉంది. ఆగస్టు 4న జర్మన్లు బెల్జియంలో అడుగుపెట్టారు. అదే రాత్రి బ్రిటన్ యుద్ధంలోకి దిగింది.

లీజ్ నగరం చుట్టూ ఉన్న 12 కోటలు ఆగస్టు 16 వరకూ నిలబడ్డాయి. క్రుప్ కంపెనీ తయారుచేసిన 42 సెంటీమీటర్ల భారీ ఫిరంగులు వాటిని పగలగొట్టాయి. జర్మన్లు దారి పొడవునా వేలాది పౌరులను చంపారు. లూవెన్‌లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తగలబెట్టారు. ఫ్రాన్స్ ఈలోగా తన సొంత పథకం ప్రకారం లొరేన్ మీదికి ఉరికింది. నీలం కోట్లు, ఎర్ర ప్యాంట్లు వేసుకున్న సైనికులు మెషిన్‌గన్లకు ఎదురెళ్లారు. ఆగస్టు 22న ఒక్క రోజే సుమారు 27 వేల మంది ఫ్రెంచి సైనికులు మరణించారు.

అయినా ఫ్రెంచి సేనాపతి జోఫ్ర్ బెదరలేదు. వెనక్కి తగ్గుతూనే రైళ్ల మీద దళాలను పారిస్ వైపు మళ్లించాడు. జర్మన్ మొదటి సైన్యం నాయకుడు క్లుక్, పారిస్‌ను పడమటి నుంచి చుట్టే బదులు తూర్పు పక్కగా తిరిగాడు. ఆ మలుపును విమానాల నుంచి పసిగట్టారు. సెప్టెంబరు 5న పారిస్ వైపు నుంచి ఫ్రెంచి ఆరో సైన్యం క్లుక్‌ను తాకింది. అటు తిరగబోయి అతను పక్క సైన్యానికి దూరమయ్యాడు. ఆ సందులోకి బ్రిటిష్, ఫ్రెంచి దళాలు చొచ్చుకెళ్లాయి. సెప్టెంబరు 9న జర్మన్లు వెనుదిరిగారు. పారిస్ టాక్సీలు సైనికులను మోసుకెళ్లిన కథకు పేరు ఎక్కువ, ప్రభావం తక్కువ. ఈ పోరు జరిగిన మార్న్ నది ఒడ్డున ఫ్రాన్స్‌ను గెలిపించింది జోఫ్ర్ నిబ్బరం, క్లుక్ తొందరపాటు. వారం తిరక్కుండానే మోల్ట్కే స్థానంలో ఫాల్కెన్‌హైన్ వచ్చాడు.

తూర్పున రష్యా అనుకున్నదానికన్నా ముందే కదిలింది. కంగారుపడ్డ మోల్ట్కే పడమటి నుంచి రెండు కోర్ల సైన్యాన్ని తూర్పుకు పంపాడు. అవి చేరేలోపే టానెన్‌బర్గ్ దగ్గర జర్మన్ సేనానులు హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్ రష్యా రెండో సైన్యాన్ని చుట్టుముట్టారు. రష్యన్లు సంకేత భాష లేకుండా పంపిన వైర్‌లెస్ సందేశాలు జర్మన్ల చెవిన పడ్డాయి. సుమారు 92 వేల మంది బందీలయ్యారు. సేనాని సామ్సొనోవ్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆస్ట్రియా ఏలుబడిలోని గలీషియాలో మాత్రం రష్యాదే పైచేయి. యుద్ధానికి అందరికన్నా తొందరపడ్డ ఆస్ట్రియా, సెర్బియా చేతిలో ఆగస్టులో ఒకసారి, డిసెంబరులో మరోసారి ఓడింది.

యుద్ధం భారత్‌నూ తాకింది. భారతీయులను అడగకుండానే బ్రిటన్ దేశాన్ని యుద్ధంలోకి దించింది. సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టింది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పటి రాజధాని అదే. జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలారు. నిజాం హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ కాలువ కాపలాకు ఈజిప్టు వెళ్లారు. సెప్టెంబరు చివర్లో భారతీయ దళాలు మార్సెయిల్‌లో దిగాయి. చలికి ఆగని దుస్తులతోనే వాళ్లను బెల్జియంలోని ఈప్ర్ పోరుకు తరలించారు. తోటివాళ్లంతా చనిపోయినా గాయాలతోనే మెషిన్‌గన్ పేల్చిన ఖుదాదాద్ ఖాన్, విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారతీయ సైనికుడు.

నవంబరు చివరికి ఈప్ర్ పోరు కూడా తేలకుండానే ఆగింది. స్విట్జర్లాండ్ సరిహద్దు నుంచి సముద్రం దాకా సుమారు 700 కిలోమీటర్ల కందకాల్లో రెండు సైన్యాలు కూరుకుపోయాయి. ఆ ఐదు నెలల్లోనే దాదాపు 3 లక్షల మంది ఫ్రెంచి సైనికులు చనిపోయారు. 1914లో యుద్ధానికి దిగిన ప్రధాన సైన్యాలలో ఒక్కదాని ప్రణాళికా అనుకున్నట్టు సాగలేదు. యుద్ధం మరో నాలుగేళ్లు నడిచింది.