ఆకురాయికి అమరే గురి

వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌ను సందర్శించే తెలుగు కుటుంబాలలో చాలామంది రాజభవనాన్ని చూచి, కమ్మరి కొలిమి వద్ద కాసేపు నిలిచి వెనుదిరుగుతారు. ఆ పట్టణపు తుపాకుల కర్మశాల కూడా చూడదగినదే. ఇనుప పట్టీని కాల్చి, మడిచి, గొట్టంగా అతకడం మొదలుకొని ఒక రైఫిల్‌ను 18వ శతాబ్దపు చేతి పనిముట్లతోనే వాలెస్ గస్లర్ అక్కడ నిర్మించిన తీరును 1969 నాటి ఒక చలనచిత్రం పదిలపరచింది.

అటువంటి రైఫిల్‌లో మిక్కిలి చిన్నవైన రెండు భాగాలు గురిచూచే సైట్లు. గొట్టం కొసన పలుచని రేకు వంటిది ఒకటి, కంటికి దగ్గరగా గంటు పెట్టినది మరొకటి. వీటిని పట్టి ఉంచేది మేకు కాదు, మర కాదు. గొట్టంపై అడ్డంగా కోసిన ఒక గాడి. పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా, విప్పిన పావురం తోకను పోలి ఉండడం వల్ల దీనికి డవ్‌టెయిల్ అని పేరు. సొరుగు పెట్టెల మూలలలో వడ్రంగులు వాడే కీలు ఇదే. తుపాకి పేలినప్పుడు కలిగే తాకిడి గొట్టం పొడవునా సాగుతుంది; గాడి అడ్డంగా ఉంటుంది. కనుక ఎంత బలమైన కుదుపుకైనా సైటు జారిపోదు.

ఈ గాడి వాలు సాధారణంగా 60 డిగ్రీలు. సమబాహు త్రిభుజపు కోణమూ అంతే. అందుచేత మూడు పలకల ఆకురాయి ఆ మూలలోకి తనంత తానే ఒదుగుతుంది. అయితే దాని ఒక పలకను ముందుగా సానపట్టి నున్నగా చేయాలి. లేకుంటే వాలును అరగదీస్తూనే గాడి అడుగును కూడా తినివేస్తుంది. పనివాడు తుపాకి ఖాళీగా ఉన్నదని రూఢి చేసుకొని, గొట్టాన్ని వైస్‌లో బిగించి, ఇనుపరంపంతో పక్కపక్కన కోతలు పెట్టి, మధ్య లోహాన్ని చదును ఆకురాయితో తీసివేసిన పిమ్మటనే ఈ మూడు పలకల ఆకురాయిని చేపడతాడు.

ఇక్కడే అసలైన ప్రమాదం పొంచి ఉంది. గొట్టం వెడల్పు 0.81 అంగుళం, లోపలి రంధ్రం 0.45 అంగుళం అనుకుంటే గోడ మందం 0.18 అంగుళం మాత్రమే. 0.09 అంగుళం లోతున గాడి కోస్తే సగం గోడ పోయినట్లే. పేలుడు ఒత్తిడిని భరించవలసినది మిగిలిన సగమే. ఒక్క రాపిడి ఎక్కువైతే ఆ లోహాన్ని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు. అందుకే నేర్పరి గాడిని కొంచెం బిగువుగానే వదలి, ఇక మీదట సైటు అడుగును మాత్రమే అరగదీస్తాడు. సైటు చెడితే మరొకటి చేసుకోవచ్చు. నూరేళ్ల నాటి గొట్టం మరొకటి దొరకదు.

సైటు అడుగుకు దీపపు మసి పూసి గాడిలోకి నెట్టి చూస్తే, ఎక్కడ ఒరుసుకొంటున్నదో మసి చెరిగిన చోటు చెబుతుంది. మూడో వంతు వరకు బొటనవేలితో దూరితే చాలు. మిగిలిన దూరం ఇత్తడి కడ్డీని ఆనించి సుత్తితో మెల్లగా కొట్టాలి. ఉక్కు కడ్డీ వాడితే సైటుపై గాట్లు పడతాయి. అమెరికాలో సైటును కుడి నుండి ఎడమకు ఎక్కించడం, ఎడమ నుండి కుడికి తీయడం వాడుక.

గురి సరిచేయడం సరూప త్రిభుజాల లెక్కే. రెండు సైట్ల నడుమ దూరం 36 అంగుళాలు, లక్ష్యం 50 గజాలు, అనగా 1800 అంగుళాలు అయితే నిష్పత్తి 1కి 50. గుండు 5 అంగుళాలు ఎడమకు పడితే వెనుక సైటును 0.1 అంగుళం కుడికి జరపాలి. ముందు సైటు విషయం తలకిందులు: దానిని ఎడమకు జరపాలి. ఎత్తు సంగతీ అంతే. ముందు రేకును తగ్గిస్తే గుండు పైకి పోతుంది. అందువల్ల దానిని మొదట కావాలనే పొడవుగా ఉంచి, కాల్చి చూస్తూ కొద్దికొద్దిగా రాచి పొట్టి చేస్తారు.

పాత రైఫిళ్లలో గాడి వదులైపోవడం కద్దు. గాడి అంచులను సుత్తితో లోపలికి అణచడం కొందరి పద్ధతి. ఆ దెబ్బల మచ్చలు ఎన్నటికీ మాయవు. సైటు కింద పలుచని ఇత్తడి రేకును పరచి బిగించడం మేలైనది. తరువాతి తరం వారు దానిని ఊడదీసి చూసినా, గొట్టం ఎప్పటివలెనే ఉంటుంది.