పట్టాల ప్రక్కన ఒక చదువు

రైలు వచ్చుచుండగా తలయెత్తి చూడని బాలుడుండడు. పెట్టెలను లెక్కించుట, గార్డుకు చేయి ఊపుట ఆ వయస్సున అందరికిని వేడుకయే. కాని ఉద్యోగములలో కుదిరి, జుట్టు నెరసిన పిమ్మట కూడ ఆ వేడుకను విడువనివారు కొందరున్నారు. ప్రయాణమేమియు లేకున్నను ప్లాట్‌ఫారము టిక్కెట్టు కొని, బల్లపై కూర్చుండి, వచ్చిపోవు ఇంజన్ల నంబర్లు వ్రాసికొందురు. ఇందులో ఏమున్నదని ఇంటివారు నవ్వవచ్చును. ఇందులో ఉన్నది ఒక చదువు.

ముందుగా ఇంజనుమీది అక్షరములను చూడుడు. ‘డబ్ల్యు.ఏ.పి. 7’ అని ఉన్నదనుకొందము. మొదటి అక్షరము మార్గపు వెడల్పును తెలుపును. డబ్ల్యు అనగా బ్రాడ్‌గేజి. రెండు పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. రెండవ అక్షరము ఇంజనును నడుపు శక్తిని తెలుపును. ఏ అనగా ఏ.సి. విద్యుచ్ఛక్తి, డి అనగా డీజిలు. మూడవది దాని పని. పి ప్రయాణికుల బండికి, జి గూడ్సుకు, ఎమ్ రెండింటికిని గుర్తు. చివరి అంకె ఆ తరగతిలో దాని రకము. ఇంత తెలిసినచో ఏ ఇంజను ఏ పనిమీద పోవుచున్నదో చిన్నపిల్లవాడు కూడ చెప్పగలడు.

స్టేషను పలకలో సైతము చదువదగినది కలదు. పేరు క్రింద సముద్రమట్టమునకు ఆ చోటు ఎంత ఎత్తున ఉన్నదో వ్రాసియుండును. వరుసగా నాలుగు స్టేషన్ల అంకెలు చూచినచో బండి ఎక్కుచున్నదో దిగుచున్నదో తెలిసిపోవును. విజయవాడకు రైల్వేవారి సంకేతము నేటికిని బి.జెడ్.ఏ.; ఊరి పాతపేరు బెజవాడ ఆ మూడక్షరములలో నిలిచియున్నది.

బండి దాటిపోయినదని వెంటనే తల త్రిప్పుకొనరాదు. చివరి పెట్టె వెనుక సాధారణముగా ‘ఎల్.వి.’ అను పలక ఉండును. అది చిట్టచివరి వాహనమని అర్థము. స్టేషను సిబ్బంది దానిని చూచి, బండి తెగక పూర్తిగా వచ్చినదని నిశ్చయించుకొందురు. అది కానరానిచో కొన్ని పెట్టెలు వెనుక దారిలోనే నిలిచిపోయినవేమో యని అనుమానింపవలెను. ఆ చిన్న పలకపై ఎందరి ప్రాణములో ఆధారపడియున్నవి.

బండిలో ఉన్నవారు వేగమును లెక్కింపవచ్చును. ఒక కిలోమీటరు దాటుటకు పట్టిన సెకండ్లతో 3,600ను భాగించిన చాలును. 36 సెకండ్లు పట్టినచో వేగము గంటకు 100 కిలోమీటర్లు. పూర్వము రాళ్లను చూడనక్కరయే లేకుండెను. 13 మీటర్ల పట్టాల అతుకులమీద చక్రములు టకటకలాడెడివి. 47 సెకండ్లలో వినవచ్చిన అతుకుల లెక్కయే ఇంచుమించుగా గంటకు కిలోమీటర్ల వేగము. ఇప్పుడు పట్టాలను పొడవుగా వెల్డింగుచేసి కలుపుటచే ప్రధానమార్గములపై ఆ చప్పుడు చాలవరకు అణగిపోయినది.

అణగిపోయినది అదియొక్కటియే కాదు. 1992లో గేజి మార్పిడి పథకము మొదలైన పిదప మీటరుగేజి మార్గములు వరుసగా బ్రాడ్‌గేజిగా మారినవి. 1995తో బ్రాడ్‌గేజిపై ఆవిరియింజన్ల నిత్యసేవ ముగిసినది. రాజమహేంద్రవరము వద్ద 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన 1997లో రైళ్ల బరువు దించుకొన్నది. ఉన్నంతకాలము నిత్యము కనబడునవే కదా యని వీనిని శ్రద్ధగా చూచినవారు తక్కువ.

అట్లు చూచినవారి వలన కలుగు మేలునకు ఒక నిదర్శనము చాలును. మైకేల్ సాటో రైల్వే ఉద్యోగి కాడు. మనదేశమున ఒక రసాయన పరిశ్రమలో పనిచేసిన ఆంగ్లేయుడు. రైళ్లమీది మక్కువచే పాత ఇంజన్లను వెదకి కాపాడుటకు తోడ్పడెను. ఢిల్లీలో 1977లో తెరువబడిన జాతీయ రైలు మ్యూజియము రూపొందుటలో ఆయన సలహా ఎంతో ఉపకరించినది.

ఈ వ్యాసంగమునకు కావలసినవి ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, కొంత ఓపిక. తేది, వేళ, బండి పేరు, ఇంజను నంబరు వ్రాయుడు. ప్లాట్‌ఫారము అంచునకు దూరముగా నిలువుడు. పట్టాలమీదికి దిగుట ప్రాణాపాయమే కాక చట్టరీత్యా నేరము. ఇంటిలోని పిల్లలను వెంట తీసికొని పొండు. ప్రశ్నలు వారే వేయుదురు.