డగ్లస్ మాటను లోకం ఎలా నమ్మింది?

మన పిల్లలు హైస్కూలుకు వచ్చేసరికి ఇంగ్లీషు క్లాసులో మూడు గ్రీకు మాటలు వినిపిస్తాయి: ఈథాస్, పేథాస్, లోగాస్. చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు కదలడం, మాటలోని తర్కం. ఎదుటివాళ్ళను ఒప్పించడానికి అరిస్టాటిల్ చెప్పిన మూడు దారులివి. మనకూ ఇలాంటి లెక్క ఒకటుంది. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుందనీ, పురాణం మిత్రుడిలా హితం చెబుతుందనీ, కావ్యం ప్రియురాలిలా లాలించి ఒప్పిస్తుందనీ మన అలంకార శాస్త్రం అంటుంది.

ఈ పాఠం కోసం ఇక్కడి స్కూళ్ళలో తరచు చదివించే పుస్తకం ఫ్రెడరిక్ డగ్లస్ స్వీయచరిత్ర. 1845లో బోస్టన్‌లో అచ్చయింది. "నల్లవాళ్ళ కథ మనకెందుకు?" అనే పెద్దలు మనలో లేకపోలేదు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, అదే ఊపులో, మనలాంటి వాళ్ళకు తలుపు తెరిచిన వలస చట్టం వచ్చింది. అంతకన్నా చాలా ముందే, 1873లో, జ్యోతిబా ఫూలే తన 'గులాంగిరీ' పుస్తకాన్ని బానిసలకు విముక్తి కలిగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టడం మనకు తెలియని సంగతేమీ కాదు.

డగ్లస్ 1818 ప్రాంతంలో మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. 1838లో తప్పించుకుని మసాచుసెట్స్ చేరాడు. 1841 నుంచి బానిసత్వానికి వ్యతిరేకంగా సభల్లో మాట్లాడేవాడు. చిక్కల్లా ఆయన మరీ బాగా మాట్లాడటమే! ఇంత చక్కని ఇంగ్లీషు మాట్లాడేవాడు బానిసగా ఎలా ఉంటాడని జనానికి అనుమానం. చెప్పింది నిజమా కాదా అన్నది తరవాతి సంగతి, అసలు చెప్పేవాడే నకిలీ ఏమోనన్నమాట.

అందుకు జవాబే ఈ పుస్తకం. యజమానుల పేర్లు, ఊళ్ళు, పనిచేసిన పొలాలు అన్నీ రాసేశాడు. తన యజమాని థామస్ ఆల్డ్. తనను చావబాదినవాడు ఎడ్వర్డ్ కోవీ. కావాలంటే వెళ్ళి వాకబు చేసుకోండి అన్నట్టు. ఇంజనీరుగా నాకు బాగా నచ్చేది ఇదే, ఎవరైనా సరిచూసుకోగల రుజువు. కానీ చట్టం ప్రకారం ఆయన అప్పటికీ ఆల్డ్ ఆస్తే. రుజువుగా రాసిన ప్రతి పేరూ తనను పట్టుకోవడానికి ఆచూకీ కూడా. అందుకే ఆ ఏడాదే ఐర్లాండ్, బ్రిటన్‌లకు వెళ్ళిపోయాడు. 1846లో అక్కడి స్నేహితులు 150 పౌండ్లు చెల్లించి ఆయనకు స్వేచ్ఛ కొనిపెట్టారు.

ఇంకో తమాషా చూడండి. మేరీలాండ్‌లో ఆయనను ఎరిగిన థాంప్సన్ అనే ఆసామి, ఆ చదువురాని బానిస ఇలాంటి పుస్తకం రాయలేడని పత్రికకెక్కాడు. ఆ దెబ్బతో డగ్లస్ అక్కడ బానిసగా ఉన్నమాట నిజమేనని ప్రత్యర్థే సాక్ష్యం చెప్పినట్టయింది. డగ్లస్ ఆయనకు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పాడు!

మనసును కదిలించే దారి మొదటి పేజీలోనే మొదలవుతుంది. కొరడా దెబ్బలు తరవాత వస్తాయి. ముందు చెప్పేది, తన పుట్టినరోజు తనకు తెలియదని. తెల్ల పిల్లలకు తెలుసు, తనకు మాత్రం తెలియదు. ఏటా కేకు కోసే మన పిల్లలకు ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. తల్లి 12 మైళ్ళ దూరంలో వేరే పొలంలో పని చేసేది. రాత్రి నడిచి వచ్చి పక్కన పడుకుని, పిల్లవాడు లేచేలోపే వెళ్ళిపోయేది. ఆమెను చూసింది నాలుగైదు సార్లేనట.

తర్కం మాత్రం యజమాని నోటినుంచే తీసుకున్నాడు. బాల్టిమోర్‌లో సోఫియా ఆల్డ్ అక్షరాలు నేర్పుతుంటే, చదువొస్తే బానిస పనికిరాకుండా పోతాడని భర్త హ్యూ ఆల్డ్ మాన్పించాడు. వీళ్ళు ఇంతగా భయపడేది చదువుకైతే, నాకు దారి అదే అనుకున్నాడు కుర్రాడు. వీధిలోని పేద తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలిచ్చి, బదులుగా పాఠాలు చెప్పించుకున్నాడు.

పిల్లలూ, పుస్తకం చదివేటప్పుడు పెన్సిల్‌తో పేర్ల కింద గీతలు గీయండి. హింసించినవాళ్ళకు పేర్లుంటాయి. పాఠాలు చెప్పిన ఆ పిల్లల పేర్లుండవు. బానిసకు చదువు చెప్పడం తప్పుగా చూసే రోజులు కనుక, వాళ్ళకు ఇబ్బంది కలగకూడదని రాయలేదు. ఎలా పారిపోయాడో కూడా చెప్పలేదు, వెనక రాబోయేవాళ్ళకు ఆ దారి మూసుకుపోతుందని. పాఠకులు ఎంత అడిగినా అది దాచే ఉంచాడు. బానిసత్వం పోయిన చాలా ఏళ్ళకు, 1881లో అచ్చయిన మరో పుస్తకంలో వివరంగా రాశాడు: 1838 సెప్టెంబరు 3న, నావికుడి వేషంలో, వేరొకరి దగ్గర అరువు తెచ్చుకున్న కాగితాలతో, బాల్టిమోర్‌లో రైలెక్కాడు.