లండన్ నుంచి లక్షలు రావు, పతకాలు ఇవ్వకండి

ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన మన సైనికుల మనవలకు, మునిమనవలకు బ్రిటన్ లక్షల్లో పరిహారం ఇస్తోందట. కాగితాలన్నీ లండన్‌లో ఉన్నాయట, రుసుము కడితే తెప్పించిపెట్టే మనుషులున్నారట. ఈ మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లున్నారు. అంతకంటే ఘోరం, ఆధారం కావాలంటే ఇంట్లో ఉన్న అసలు పతకాన్నే చేతిలో పెట్టి పంపినవాళ్లున్నారు. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. మొదటి యుద్ధపు పతకం అంచు మీద ఆ మనిషి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. చాలా ఇళ్లలో మిగిలిన రుజువు అదొక్కటే.

అలాంటి పరిహారం ఏదీ లేదు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 1917లో పుట్టింది సమాధులను, పేర్లను కాపాడటానికి. అది ఎవరికీ డబ్బు పంచదు. దాని జాబితాలో పేరు వెతకడానికి పైసా ఖర్చు లేదు, ఫోన్లోనే చూసుకోవచ్చు. దానికి దళారి ఎందుకు?

ఫైళ్లన్నీ లండన్ బాంబుదాడిలో కాలిపోయాయన్న మాట కూడా వీళ్లే చెబుతారు. 1940 సెప్టెంబరులో కాలిపోయినవి మొదటి యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సైనికుల ఫైళ్లు. భారత సైన్యపు సిపాయిల లెక్క వేరు, వాళ్ల రికార్డులు ఇక్కడి దళాల దగ్గరే ఉండేవి. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి ప్రధానంగా అధికారుల వివరాలు. ఉదాహరణకు మద్రాస్ సాపర్స్ అనే ఇంజినీరు దళపు రికార్డు ఆఫీసు బెంగళూరులో, మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. పతకం మీది నంబరు రాసి అక్కడికే ఉత్తరం పెట్టండి. మొదటి యుద్ధపు సిపాయిల ఫైళ్లు చాలావరకు మిగల్లేదు కాబట్టి పూర్తి ఫైలు తెస్తానని మాటిచ్చేవాణ్ణి నమ్మకండి.

తెల్లవాళ్లు మన పేర్లు రాయనే లేదన్న ఆరోపణలో మాత్రం చేదు నిజం ఉంది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కారు, వేలాది మంది భారతీయ సిపాయిలను అంకెగా వదిలేశారు. ఈ అసమానతను కమిషనే 2021 నివేదికలో ఒప్పుకుంది. అయినా రాతి మీద లేని పేరు జాబితాలో ఉండొచ్చు, వెతక్కుండా వదలొద్దు.

ఇండియా గేటు మీద అందరి పేర్లూ లేవు, ఉన్నవి 13 వేల పైచిలుకే. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తర్వాతి అమరులది, అక్కడ ముత్తాత పేరు లేదని బాధపడొద్దు. తూటా తగిలి పోతేనే లెక్కలోకి వస్తారన్నదీ తప్పే. సైన్యంలో ఉండగా రోగంతో పోయినా కమిషన్ లెక్కలో ఉంటారు. మొదటి యుద్ధానికి 1921 ఆగస్టు 31 వరకు, రెండోదానికి 1947 డిసెంబరు 31 వరకు పోయినవాళ్లు ఆ లెక్కలోకి వస్తారు.

వెతికేటప్పుడు ఇంటిపేరుతో మొదలుపెట్టకండి, చాలా చోట్ల అది నమోదే కాలేదు. ఒక్క పేరునే నాలుగైదు ఇంగ్లిష్ స్పెల్లింగులతో ప్రయత్నించండి. విశాఖను వైజాగపటం అని, కృష్ణాను కిస్ట్నా అని, విజయవాడను బెజవాడ అని వెతకండి. రెండో యుద్ధపు నమోదుల్లో చాలావాటికి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా ఉంటాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను ముందుగా ఆ వివరాలు అడిగి రాసుకోండి. పింఛను మీద సందేహముంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికే వెళ్లండి. అక్కడ అడగడానికి రుసుము లేదు.