కుంటినంక కాదు, నడిచేటప్పుడే ఆవును చూడాలె

ఆవు కుంటుతుందంటే మన ఊర్లల్ల ముందుగాల వచ్చే మాట 'గాలికుంటు'. లేకుంటే 'ముల్లు గుచ్చుకున్నట్టుంది, రెండొద్దులల్ల అదే తక్కువైతది' అంటరు. ఈ రెండు మాటల నడుమనే మస్తు ఆవులు ఖరాబైతున్నయ్.

గాలికుంటు అయితే జ్వరమొస్తది, నోట్లె పుండ్లైతయ్, చొల్లు కారుతది, పక్క పశువులకూ అంటుకుంటది. దానికి సర్కారు వేసే టీకా ఉన్నది, ఆర్నెల్లకోసారి తప్పకుండ వేయించాలె. కానీ నోరు మంచిగనే ఉండి ఒక్క కాలే ఈడుస్తుందంటే కథ వేరే. నేను చెప్పేది ఏందంటే, ఆ కథ చానావరకు మనం పోసిన గచ్చుకాడ, పెట్టిన దాణాకాడ మొదలైతది.

నాటు ఆవు పొద్దంత చెలకల తిరుగుతది, దాని గిట్ట అదే అరుగుతది. ఇప్పుడు మన పోరగాళ్లు లోన్లు తీసుకొని తెస్తున్న హెచ్‌ఎఫ్, జెర్సీ ఆవులకు ఆ తిరుగుడు లేదు. గిట్ట నెలకు దగ్గరదగ్గర అర సెంటీమీటరు పెరుగుతది. అది ముందుకు సాగితే బరువంత మడిమె దిక్కు పడ్తది, లోపలి కండ నలిగి అడుగున పుండైతది. వెనక కాళ్ల బయటిదిక్కు గిట్టకే ఇది ఎక్కువ. కింద పెండ, ఉచ్చ ఎప్పుడూ తడితడిగ ఉంటే గిట్ట మెత్తబడి రోగం తొందరగ ఎక్కుతది.

ఇగ దాణా సంగతి. పాలు పెరగాలని ఒక్కపూటనే కుప్పగ పోస్తరు. ఫంక్షన్ల మిగిలిన అన్నం తెచ్చి పెడ్తరు. కడుపుల పులుపు పెరిగి, ఆ దెబ్బ గిట్టల లోపలి కండకు తాకుతది. కుంటుడు కొన్ని వారాలకు బయటపడ్తది, గందుకే కారణం మనకు సమజ్ కాదు. ముందు గడ్డి, చొప్ప పెట్టుండ్రి, దాణాను రెండు మూడు పూటలకు పంచుండ్రి.

కనిపెట్టుడు అల్కగనే ఉంటది. వారానికోసారి సాపు నేల మీద నడిపించి వీపు చూడుండ్రి. నిలబడ్డప్పుడు సాపుగుండి నడిచేటప్పుడు వంగితే నొప్పి షురువైనట్టే. నిలబడ్డా వంగే ఉంటే ఇంకో రోజు ఆగొద్దు. కాలు నొచ్చే ఆవు మేతకాడికి తక్కువ పోతది, పాలు తగ్గుతయ్, ఎద సరిగ కనబడది, చూలు ఆలస్యమైతది. ఆఖరుకు సంతల అగ్గువకు అమ్ముడైతది. ఆవు పోయినా లోను కిస్తీ మాత్రం ఆగదు.

గిట్టల సందు వాచి వాసనొస్తే సూది మందు కావాలె. 1962కు ఫోన్ కొడితే పశువుల అంబులెన్సు వస్తది. యాంటీబయాటిక్ వేస్తే డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రంల పోయొద్దు. అడుగున పుండైతే చెడిన భాగం చెక్కి, మంచి గిట్ట కింద చెక్క దిమ్మె అతికిస్తరు. అప్పుడు పుండు మీద బరువు పడది. కిరోసిన్, కాలిన ఇంజనాయిల్ పోసుడు బందు చేయుండ్రి.

రాకుండ చూసుకునుడే అసలు పని. కొత్తగ షెడ్డు కట్టేటోళ్లు గచ్చును నున్నగ చేయకుండ గీతలు కొట్టియ్యుండ్రి. ఆవు రోజుకు 10 నుంచి 12 గంటలు పండుకోవాలె, దానికి రబ్బరు మ్యాటో పొడి మట్టో ఉండాలె. 100 లీటర్ల నీళ్లల్ల 5 కిలోల మైలుతుత్తం కలిపి, కడిగిన కాళ్లను అందుల నడిపిస్తే గిట్టల సందు రోగాలు తగ్గుతయ్. ఆ నీళ్లు చెరువుల, గొర్లు తాగేకాడ పారబోయొద్దు. గొర్లకు రాగి విషం తొందరగ ఎక్కుతది.

ఏడాదికి రెండుసార్లు గిట్టలు చెక్కించాలె. కానీ చెక్కెటోడు ఎక్కడున్నడు? ఆవుకు సెమన్ సూది వేసెటోళ్లు ఊర్లల్ల దొరుకుతున్నరు, గిట్ట చెక్కెటోళ్లు దొరుకుడు కష్టం. గోపాలమిత్రలకు ఆ పని నేర్పినట్టే, పశుసంవర్ధక శాఖ మండలానికి ఇద్దరు యువకులకన్న గిట్టలు చెక్కుడు నేర్పాలె. అది ఆవుకు మందు, మన తమ్ముళ్లకు బతుకుదెరువు. మనం గట్టిగ అడగాల్సింది గిదే.