తల్లి దాస్యము

వినత కథ నెఱుగనివారు మనలో నరుదు. పాములను మోసి మోసి విసిగిన గరుడుడు, తన కీ యూడిగ మేల కలిగెనని తల్లి నడిగెను. తల్లి దాసి, కావున కొడుకును దాసుడే. అమృతము తెచ్చినగాని యా బంధము తెగలేదు.

ఈ న్యాయము పురాణములతో ముగియలేదు. 1662లో అమెరికాయందలి వర్జీనియావారు దీనినే శాసనముగా వ్రాసికొనిరి. ఇంగ్లండు ధర్మమున బిడ్డకు తండ్రి స్థితి వచ్చుచుండగా, ఆఫ్రికాజాతి స్త్రీలు కన్న శిశువులకు మాత్రము తల్లి స్థితియే యనిరి. దాసివలన తనకు గలిగిన బిడ్డను దొర తానే యమ్ముకొనవచ్చును! ఆఫ్రికానుండి ఆ దేశమునకు దెచ్చినవారు సుమారు 4 లక్షలు. 1808లో దిగుమతి నిషేధింపబడినను, 1860 నాటికి దాసులు దాదాపు 40 లక్షలైరి. ఈ వృద్ధి యే కడుపులనుండి వచ్చినదో వేఱుగ జెప్పనేల?

ఉత్తర కరోలినాలో హారియెట్ జాకబ్సు అను దాసి, యజమాని బాధ పడలేక, అమ్మమ్మ యింటి అటుకమీద, నిలువబడుటకైన వీలులేని యిఱుకున, ఏడేండ్లకు కొంచెము తక్కువగా దాగియుండెను. చిన్న రంధ్రములగుండ తన బిడ్డలిరువురను జూచుకొనెడిది, పిలువరాదు. ఆ బిడ్డల తండ్రి తెల్లవాడు, స్వతంత్రుడు. ఐనను సొంతబిడ్డలను అతడు డబ్బిచ్చి కొనిపింపవలసివచ్చెను. ఈ వృత్తాంతము నామె 1861లో గ్రంథముగా బ్రకటించినది.

ఇస్లాము ధర్మశాస్త్రము వేఱు. యజమాని తనదని యొప్పుకొన్న బిడ్డ పుట్టుకతోనే స్వతంత్రము, తల్లి నమ్మరాదు, అతడు మరణించిన పిదప నామెకును విడుదల. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున, అట్టి తల్లియు బిడ్డయు వెంటనే యదాసులగుదు రనెను. శాస్త్రమున నున్నదంతయు ఇంటింట జరిగెనని మేమనజాలము. ఏ శాస్త్రమును దాసిని కొనుటయే తప్పనలేదు గదా!

బ్రెజిలుకు దెచ్చినవారు సుమారు 48 లక్షలు. అచ్చట పుట్టువారికన్న చచ్చువారే హెచ్చు. కాని విడుదల పొందుట అమెరికాలోకన్న సుళువు. తెల్లవారికి నల్లవారికి వివాహము గూడదను చట్టమును లేదు. వర్జీనియాలో నట్టి చట్టము 1967 వఱకు నుండెను! బ్రెజిలులో వర్ణభేదము లేదని దీనిని బట్టి కొందఱు పొగడుదురు. మా కది రుచింపదు. రియో నగరపు పత్రికలలో దాసీదాదులను పాలకై అద్దెకిత్తుమను ప్రకటనలుండెడివి. ఆ దాది కన్నబిడ్డకు పాలెవరిచ్చిరి? 1871లో, ఇకమీద దాసికి పుట్టిన శిశువు స్వతంత్రమని చట్టము చేసిరి. కాని 21 ఏండ్లు నిండువఱకు తల్లి యజమాని వానిచే పని చేయించుకొనవచ్చును. 1888లో రాజకుమారి ఇసబెల్ చేవ్రాలుతో దాస్యము రద్దయ్యెను. విడుదలైనవారికి కుంటెడు నేలయైన నియ్యలేదు.